గాలి మీద నిలబడ్డ లాండ్రీ

ఆ ఉదయం లాండ్రీ వదిన వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడమీద ఉండే ఇంటి యజమాని, రైల్వే గార్డుగారు, కిందికి దిగి వస్తారు, తను పెద్ద మెషిన్ స్విచ్ వేస్తుంది, నేల వణకదు, ఆయన మారుమాట్లాడకుండా పైకి వెళ్లిపోతారు. వణికిందా, నెలాఖరుకు కొట్టు ఖాళీ చేయాలి. ఆ మెషిన్ దుప్పట్లు పిండేటప్పుడు పక్కింటి గోడలు కూడా అదురుతాయి కాబట్టి ఆవిడకు ఇంకెవరూ గది ఇవ్వరు. వీధి వీధంతా నోరారా వదినా అని పిలుస్తుంది, గది మాట ఎత్తేసరికి మాత్రం అందరూ చుట్టరికం మరిచిపోతారు.

గార్డుగారి బాధ కూడా తీసిపారేసేది కాదు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో ఊగుతూ గడిపిన మనిషి. రిటైరయ్యాకైనా కదలని మంచం మీద పడుకుందామనుకుంటే, కునుకు పట్టే వేళకు కింద మెషిన్ మొదలయ్యేది, పైన మంచం బయల్దేరేది.

చివరికి వదిన తన మరిదిని పట్టుకుంది. అతను బస్సు డిపోలో మెకానిక్. పెద్ద బస్సుల కింద వాడే ఎయిర్ స్ప్రింగులు, అంటే గాలి నింపిన దళసరి రబ్బరు బుడ్డలు, నాలుగు తెచ్చాడు. మెషిన్‌ను ఇనప వేదిక మీద బిగించి, వేదిక నాలుగు మూలల కిందా వాటిని పెట్టాడు. వణుకంతా గాలి మింగేస్తుంది, నేలకు దిగనివ్వదు అన్నాడు. వేదిక ఎంతవరకు లేవాలో గోడ మీద సుద్దతో గీత గీసి, ఎవరూ చెయ్యి పెట్టొద్దని మరీ మరీ చెప్పి డ్యూటీకి వెళ్లాడు.

ఆ గాలి మాట వదిన మొగుడు కూడా విన్నాడు, అదే చిక్కు. ఆయనది పక్కనే టైర్ల కొట్టు. బొటనవేలితో నొక్కి ఏ టైరు జాతకమైనా చెప్పేస్తాడు. మెత్తగా ఉందంటే గాలి తక్కువ, ఆయనకు తెలిసిన శాస్త్రమంతా అదే. వదిన పెరట్లో ఉన్నప్పుడు ఆయన ఒక బుడ్డను నొక్కి చూశాడు. వేలు కాస్త దిగింది. ఆయన ప్రాణం ఉసూరుమంది. కంప్రెసర్ గొట్టం లాక్కొచ్చి నాలుగింటికీ బిర్రుగా గాలి పట్టించాడు.

వదిన వచ్చి చూసేసరికి మెషిన్ సుద్దగీత దాటి పైకి లేచిపోయి ఉంది. నీళ్లు పోయే పైపు ఊడింది, లోపలి నీళ్లన్నీ గది నిండా పరుచుకున్నాయి. మొగుడు మాత్రం వెలిగిపోతున్నాడు.

"చూశావా? ఒక్క గొట్టంతో ఏనుగంత మెషిన్‌ను లేపాను."

"మెషిన్ లేచింది సరే, మన కొట్టే మునిగేట్టుంది. ఆ గొట్టం అక్కడ పెట్టండి."

సరిగ్గా అప్పుడే గార్డుగారు పైజామా ఎత్తిపట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మొగుడికి మర్యాద ముంచుకొచ్చింది. నీళ్లలో ఎందుకండీ అంటూ ఆయన చెయ్యి పట్టుకుని వేదిక మీదికి ఎక్కించేశాడు. వదిన బుడ్డల్లో గాలి వదులుతూ పోయి, పైపు మళ్లీ తగిలించింది. వేదిక, దానితో పాటు గార్డుగారు, నెమ్మదిగా సుద్దగీత దగ్గరికి దిగారు. ఆయన ఆ వైభవానికి కొంచెం ముచ్చటపడ్డారు కూడా. ఇక దిగండి, చూడాల్సింది నేల మీద అని వదిన బతిమాలింది.

"వణుకు ఎక్కడ చూడాలో నాకు చెప్పకమ్మా. నా బతుకంతా కదిలే పెట్టెలోనే నిలబడ్డాను. వెయ్యి స్విచ్."

ఎదురు చెబితే ఉన్న ఆశ కూడా పోతుందని వదిన స్విచ్ వేసింది. దుప్పట్లు మెల్లగా తిరిగి, తర్వాత జోరందుకున్నాయి. ఎయిర్ స్ప్రింగులు తమ పని తాము చక్కగా చేశాయి. వణుకును కిందికి పోనివ్వక మొత్తం పైనే ఉంచేశాయి. పైన ఉన్నది మెషిన్, గార్డుగారు. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జారింది, జేబులోని పెన్ను తనంతట తనే దూకేసింది. ఆయన మెషిన్‌ను కావలించుకుని, మంచం మాట దేవుడెరుగు, పళ్లు ఊడేలా ఉన్నాయని, ఖాళీ చేయాల్సిందేనని ముక్కలు ముక్కలుగా చెప్పారు. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి చాల్లేదని అప్పుడే అన్నాను అంటూ మొగుడు మళ్లీ గొట్టం అందుకోబోతే, ఆవిడ లాక్కుని వెనక దాచుకుంది.

ఇంతలో మెట్లమీద విసవిసా చప్పుడు. గార్డుగారి భార్య, ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో దిండు గలీబు.

"ఎంతసేపమ్మా, ఇంకా మెషిన్ వెయ్యవా? నువ్వు వేస్తావు వేస్తావని చూస్తూ కూర్చుంటే గలీబు కుట్టడం కూడా అయిపోయింది."

వదిన కళ్లు తుడుచుకుంది. "వేసి చాలాసేపైంది, పిన్నిగారూ."

పిన్నిగారు ముందు మెషిన్‌ను చూసింది, తర్వాత దాన్ని పట్టుకుని అదిరిపోతున్న భర్తను చూసింది. గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఏమీ లేదు. అప్పుడు వదిన కిందికి చూసింది. గది నిండా ఉన్న నీళ్లలో ఒక్క అల లేదు. గెలిచానని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఉన్నపళంగా చెప్పలేనంత ఆనందం కలిగి, ఆ నీళ్లలోనే చతికిలబడింది.

"మెషిన్ తిరుగుతుండగా నేను సూదిలో దారం ఎక్కించానంటే నువ్వే గెలిచినట్టు," అంది పిన్నిగారు. "ఖాళీ లేదు, గీళీ లేదు. ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది. ఏమంటారండీ?"

గార్డుగారు అవునన్నట్టు గబగబా తల ఊపారు, మెషిన్ ఆగేదాకా ఊపుతూనే ఉన్నారు.