పిలిస్తే వచ్చేది

ఆ వేళ పొద్దున్నే కుక్కకి పేరు పెట్టేసి, తర్వాత కాఫీ తాగి, రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్ళాలని వెంకటరాజు అనుకున్నాడు. పేరు పెట్టడం ఎంతసేపు పని గనక.

కుక్క ముందురోజు సాయంత్రం వచ్చింది. దాంతోపాటు ఒక పేము కుర్చీ కూడా వచ్చింది. రెండూ లోకనాథ్‌వి. లోకనాథ్, వెంకటరాజు చాలా ఏళ్ళు కలిసి గెలల వ్యాపారం చేశారు. లోకనాథ్ పోయిన ఏడాది కాలం చేశాడు. అతని భార్య పాపాయి ఇప్పుడు కాకినాడలో చెల్లెలి దగ్గర ఉండటానికి వెళ్ళిపోయింది. అది అపార్ట్‌మెంటు, కుక్కల్ని రానివ్వరు.

కుక్క పెద్దది, వయసు మళ్ళినది. తడి బూడిద రంగు. ఒక కన్ను తెల్లబడింది. మొరగదు. నడిస్తే గోళ్ళ చప్పుడు కూడా వినపడదు. ఎప్పుడు చూసినా వరండాలో వేసిన ఆ ఖాళీ కుర్చీ పక్కనే పడుకుని, కుర్చీలో ఎవరో ఉన్నట్టు అప్పుడప్పుడు తల పైకెత్తి చూస్తుంది.

తీసుకొచ్చేటప్పుడు వెంకటరాజు అడిగాడు. "దీని పేరేంటి చెల్లెమ్మా?"

"దానికి పేరంటూ లేదన్నయ్యగారూ."

"మరి లోకనాథ్ ఏమని పిలిచేవాడు?"

"ఆయన పిలిచేవారు కాదండి. ఆయన వెనకాలే తిరిగేది. ఇప్పుడు నేను పిలిస్తే వస్తుంది."

"ఏమని పిలుస్తావు?"

పాపాయి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకేసి చూసింది. "పిలిస్తే వస్తుందండి," అంది మళ్ళీ. కాసేపాగి, "దాన్ని వీధిపాలు చెయ్యనని మాటివ్వండి అన్నయ్యగారూ. ఆయన పోయాక ఆ ఇంట్లో నాకు పలికింది అదొక్కటే," అంది.

"ఊఁ," అన్నాడు వెంకటరాజు. ఆయన తక్కువ మాటల మనిషి. మార్కెట్లో ఆయన ఊఁ అన్నాడంటే లారీకి గెలలెత్తేసేవారు. మళ్ళీ ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎవరూ ఎరగరు.

తెల్లారగానే పక్కింటి సుప్రియ గోడ మీంచి గ్లూకోజు బిస్కెట్ల పాకెట్ అందించింది. బ్యాంకులో పనిచేసే పిల్ల. సత్యప్రసాద్‌ని చేసుకుని ఈ కాలవగట్టు వీధికి కొత్తగా వచ్చింది.

"పెద్ద కుక్కకి పేరు మార్చాలంటే ఒకటే పద్ధతండీ బాబాయ్‌గారూ. కొత్త పేరు పిలవండి, వెంటనే బిస్కెట్టు పెట్టండి. మళ్ళీ పిలవండి, మళ్ళీ పెట్టండి. ఫోన్లో చూశాను. పెద్ద వయసు కదండి, కొంచెం టైం పడుతుంది."

వెంకటరాజు వాకిట్లో మంచులో నిలబడి, "భైరవా," అన్నాడు. కుక్క ఆయన భుజం మీంచి వెనక్కి చూసింది. అక్కడ ఎవరూ లేరు. వెంకటరాజు కూడా తిరిగి చూసి, బిస్కెట్టు పెట్టాడు. కుక్క తింది. "టైగర్," అన్నాడు. అది కుర్చీకేసి చూసింది. "రాకీ," అన్నాడు. అది కళ్ళు మూసుకుంది.

అప్పుడు వంటింట్లోంచి భార్య మాణిక్యాంబ పిలిచింది. "ఏవండీ, కాఫీ."

పేము కుర్చీ కిర్రుమంది. కుక్క లేచింది. వెంకటరాజు చెప్పులు విడిచేలోపే చప్పుడు లేకుండా నట్టింట్లోంచి నడిచివెళ్ళి, వంటింటి గుమ్మంలో కూర్చుని, తల ఎడమకి వంచి మాణిక్యాంబ మొహంలోకి చూసింది.

మాణిక్యాంబ గ్లాసు పొయ్యి పక్కన పెట్టేసింది. లోకనాథ్‌కి కుడి చెవి వినపడేది కాదు. ఈ ఇంటికి కాఫీకి వచ్చినప్పుడల్లా అలాగే తల వంచి వినేవాడు.

మర్నాడు పొద్దున్నా అంతే. ఆ సాయంత్రమూ అంతే. ముందు కుర్చీ కిర్రుమనడం, తర్వాత కుక్క రావడం.

"అది కుక్క కాదండి," అంది మాణిక్యాంబ లోగొంతుకతో. "లోకనాథ్ గారు కాఫీకి వస్తున్నారు."

"వాడికి కాఫీలో పంచదార ఎక్కువుండాలి," అన్నాడు వెంకటరాజు.

ఆయన నవ్వులాటకి అన్నాడు. మాణిక్యాంబ నవ్వలేదు. మర్నాటినుంచి కుక్క పళ్ళెంలో రెండు చెంచాల పంచదార వేసిన కాఫీ పోసి, దణ్ణం పెట్టి అవతలికి వెళ్ళేది.

ఇంతవరకూ ఆ ఇంటి సంగతి. వారం తిరక్కుండానే వీధి సంగతైంది.

మూడో ఇంట్లో చిట్టియ్య మంచం మీద ఉన్నాడు. ఒక మునిమాపు వేళ కాలవ మీంచి మంచు లేచి గుమ్మాల్లోకి వస్తోంది. చిట్టియ్య భార్య దేవుడి దగ్గర దీపం పెట్టి, "ఏవండీ, లేచి దణ్ణం పెట్టుకోండి," అంది. చిట్టియ్య కదల్లేదు. తెరిచి ఉన్న వీధి గుమ్మంలోంచి బూడిద రంగు కుక్క లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆవిడకేసి చూసింది. తర్వాత చిట్టియ్యకేసి చూసింది. తెల్లారేసరికి చిట్టియ్య పోయాడు.

ఆయనకి తొంభై దాటాయనీ, వానాకాలం నుంచీ గొంతులోకి గంజి దిగడం లేదనీ ఎవరికీ గుర్తు రాలేదు. కుక్క వచ్చి కూర్చోవడమే అందరికీ గుర్తుంది. అంతకు ముందు రోజే ఒకాయన యానాం నుంచి వస్తూ, ఆ కుక్క మంచు మీద కాళ్ళు ఆనకుండా నడుస్తుంటే చూశానన్నాడు. యానాంలో చవగ్గా తాగి వస్తున్న మనిషి మాట కదాని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆయనచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

తర్వాత అది మిల్లు గుమాస్తా ఇంటికెళ్ళి స్నానాల గది ముందు కూర్చుంది. తువ్వాలు ఇవ్వడానికి పెళ్ళాం పిలిస్తే తలుపు తీసిన గుమాస్తా, ఎదురుగా తెల్ల కన్ను చూసి జారిపడ్డాడు. చెయ్యి విరిగింది.

మాణిక్యాంబకి నిద్ర కరువైంది. ఊళ్ళో మగవాళ్ళని ఒక్కొక్కరినే చూసిపోతున్న ఆ కుక్క రోజూ పడుకునేది తన భర్త పడుకునే గది కిటికీకి రెండడుగుల్లో. ఆయన గుండెకి అప్పటికే ఒకసారి స్టెంటు వేశారు.

"పేరు పడితే లోకనాథ్ గారు వెళ్ళిపోతారేమోనండి," అంది మాణిక్యాంబ. "పేరు లేకపోబట్టే ఆయన అందులో దూరారు."

పురోహితుడు మణిశంకర్ వచ్చాడు. "కుక్కకి నామకరణం శాస్త్రంలో లేదండి," అన్నాడు.

"చెయ్యకూడదని ఉందాండి?"

మణిశంకర్ ఆలోచించాడు. "అలాగానూ లేదండి," అని కూర్చున్నాడు. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోయించి, ఉంగరంతో పేరు రాశాడు. స్వర్గం దాకా కుక్కని వెంటబెట్టుకెళ్ళిన మహానుభావుడి పేరైతే శ్రేష్ఠమని ధర్మరాజు అని పెట్టాడు. లోకనాథ్‌కి వినపడేది ఎడమ చెవి కదాని, కుక్క ఎడమ చెవి పట్టుకుని ఆ పేరు చెప్పాడు. యమధర్మరాజు కూడా ధర్మరాజేనని అక్కడున్న ఎవరికో అప్పుడు తట్టింది. దాంతో అప్పటిదాకా ఊరికే వచ్చిపోతున్న యముణ్ణి బియ్యంలో రాసి, మంత్రం చెప్పి మరీ వెంకటరాజు ఇంట్లో ప్రతిష్ఠ చేసినట్టయింది.

మణిశంకర్ సంభావన అందుకుంటుండగా అతని భార్య వరహాలక్ష్మి గేటు దగ్గరకొచ్చింది. "ఏవండీ, ఇంకా ఎంతసేపు? అన్నం చల్లారిపోతోంది."

కుర్చీ కిర్రుమంది. ధర్మరాజు లేచి గేటు దాటి వరహాలక్ష్మి వెంట నడిచింది. ఆవిడ నడక పెంచితే అదీ పెంచింది. ఆవిడ ఇంట్లోకి పరుగెత్తేసరికి అది వెళ్ళి పురోహితుడి పీట ముందు, విస్తరి పక్కన కూర్చుంది. మణిశంకర్‌కి ఆ రాత్రే జ్వరం తగిలింది. రెండు రోజులు భోజనం వేరేవాళ్ళింట్లో చేశాడు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు వరహాలక్ష్మి అరుగు మీద చేరి లెక్క తీశారు. మగవాడున్న ఇల్లు ఏదీ అది వదల్లేదు. సుప్రియ వాళ్ళిల్లు ఒక్కటే వదిలింది.

"ఆ పిల్ల మొగుణ్ణి 'ప్రసాద్, ప్రసాద్' అని పేరెట్టి పిలుస్తుంది కదండీ," అందొకావిడ. "అలా పిలిస్తే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందంటారు. అతను చూస్తే రాయిలా ఉన్నాడు."

"ఎప్పుడో తగ్గిపోయుంటుందండి," అంది వరహాలక్ష్మి. "ఇంక తీసుకెళ్ళడానికేం మిగల్లేదని ఆ గుమ్మం తొక్కట్లేదు."

అందరికీ అది సబబుగానే తోచింది.

సోమవారం పొద్దున్న ఒరిస్సా వెళ్ళే గెలల లారీలో కుక్కని ఎక్కించేద్దామని వీధివాళ్ళు తీర్మానించి, వెంకటరాజు దగ్గరికొచ్చారు. కుర్చీ కూడా ఎక్కించాలన్నారు.

"మాటిచ్చాను," అన్నాడు వెంకటరాజు.

"మీరు మాటిచ్చింది కుక్క గురించా, మనిషి గురించా, అదీ తేల్చండి," అన్నాడు మణిశంకర్, గేటు బయటినుంచే.

వాళ్ళు వెళ్ళాక మాణిక్యాంబ ఆయన ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. "మీ మాట పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చండి. మీరు పోతే నేనెక్కణ్ణించి తెచ్చుకోను?" అంది.

వెంకటరాజు లేచాడు. కుక్కకేసి చూశాడు. అది ఖాళీ కుర్చీకేసి చూస్తోంది. ఆయన వీధిలోకి వెళ్ళి పాపాయికి ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, నా మాట నాకు తిరిగిచ్చెయ్యి," అని ఒక్క ముక్కే అన్నాడు. "నేనొస్తానన్నయ్యగారూ," అంది పాపాయి.

సోమవారం మంచు ఇంకా దట్టంగా పడింది. కాలవ కనపడలేదు. లారీ లైట్లు రెండు పసుపుపచ్చ మరకల్లా ఉన్నాయి. వీధి వీధంతా గట్టు మీద నిలబడింది. డ్రైవరు తాడు తెచ్చాడు. "ఆయ్, కరవదు కదండీ?" అన్నాడు. అతను మెడకి తాడు కడుతుంటే కుక్క ఏమీ అనలేదు. లారీకేసి నడిపిస్తే నడిచింది. మాణిక్యాంబ కళ్ళు మూసుకుంది. వెంకటరాజు లోపలికెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

అంతలో ఆటో ఆగింది. పాపాయి దిగింది. చేతిలో అన్నవరం ప్రసాదం పొట్లాలు. తాడు కట్టిన కుక్కని చూసింది, చుట్టూ ఉన్న అంతమంది మగవాళ్ళని చూసింది. సిగ్గుతో మొహం చిన్నదైపోయింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా పిలిచింది.

"ఏవండీ."

గట్టు మీదున్న మగవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పారు. సత్యప్రసాద్ ఒక్కడే ఫోన్ చూసుకుంటున్నాడు. వరండాలో పేము కుర్చీ కిర్రుమంది. కుక్క మెడ వంచి తాట్లోంచి తల లాగేసుకుని, మంచులోంచి వచ్చి పాపాయి అరచేతిలో మొహం పెట్టింది.

డ్రైవరు చేతిలో తాడొక్కటే మిగిలింది.

"ఆయన పోయాక కూడా కాఫీ వేళకి నోరు ఊరుకునేది కాదండి," అంది పాపాయి కుక్కకేసే చూస్తూ. "పిలిచేసేదాన్ని. పిలిచాక గుర్తొచ్చేది. అంతకుముందు ఆయన వెనకాల వచ్చేది కదండి, ఒకరోజు ఇదొక్కటే లేచొచ్చింది. పిలిస్తే ఎవరో ఒకరు వస్తున్నారు కదాని ఊరుకున్నాను. ఇంతమందిలో దీని పేరిదీ అని ఎలా చెప్పనండి?"

ఆ మాట ఆ వీధిలో ప్రతి ఇంట్లో రోజూ వినపడేదే. ఊపిరి పీల్చడం లాంటిది. అందుకే ఎవరి చెవినీ పడలేదు. చిట్టియ్య ఇంట్లో అన్నారు, గుమాస్తా ఇంట్లో అన్నారు, వరహాలక్ష్మి గేటు దగ్గర నిలబడి అంది. పిలిచిన చోటికల్లా కుక్క పాపం బుద్ధిగా వెళ్ళింది.

మణిశంకర్ గొంతు సవరించుకున్నాడు. "మరి ఆ కుర్చీ కిర్రుమనడం ఏంటండీ?"

"అది మా ఇంట్లోనూ అంతేనండి," అంది పాపాయి. "ఎందుకో నాకూ తెలీదు."

కుర్చీ గురించి ఇంకెవరూ ఏమీ అడగలేదు.

గెలల లారీ ఖాళీ తాడుతో వెళ్ళిపోయింది. వెంకటరాజు మాట వెంకటరాజు దగ్గరే, కుక్క ఆయన ఇంట్లోనే ఉండిపోయాయి. జనం విడిపోతుంటే చిట్టియ్య భార్య వెనకబడి మాణిక్యాంబ దగ్గరకొచ్చింది. "దీపాల వేళకి నేను కూడా ఒకసారి పిలుచుకుంటానమ్మా," అంది. "గేటు వేసెయ్యకండి."

మాణిక్యాంబ తల ఊపింది.

ఇక మిగిలింది పేరు మార్చే పని. ఆ వయసులో కుక్క పేరు మారదని అందరికీ తేలిపోయింది. మారితే మొగుళ్ళ పేర్లే మారాలి. మధ్యాహ్నం వరహాలక్ష్మి అరుగు మీద సుప్రియని నడుమ కూర్చోబెట్టి, అసలు మొగుడి పేరు నోట్లోంచి ఎలా వస్తుందో కనుక్కున్నారు. వరహాలక్ష్మి ఇంటికెళ్ళి చాలాసేపు పెదవులు కదిపి, చివరికి గంట వాయించి పిలుచుకుంది. గుమాస్తా పెళ్ళాం కంచం మీద గరిటె కొట్టింది.

మాణిక్యాంబ తులసికోట దగ్గరికెళ్ళి ముందు దేవుడికి క్షమాపణ చెప్పుకుంది. తర్వాత పెళ్ళయిన నలభై ఏళ్ళలో మొదటిసారి, కళ్ళు గట్టిగా మూసుకుని, "వెంకటరాజు గారూ," అంది.

కుర్చీ కిర్రుమనలేదు. కుక్క కదల్లేదు. వరండాలో కూర్చున్న వెంకటరాజు కూడా కదల్లేదు. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఒకసారి వీధికేసి చూశాడు. మాణిక్యాంబ మళ్ళీ పిలిచింది. ఆయన మళ్ళీ వీధికేసి చూశాడు.

"పెద్ద వయసు కదండి పిన్నిగారూ, టైం పడుతుంది," అంది సుప్రియ గోడ మీంచి. "ఆ మిగిలిన బిస్కెట్లేం చేశారు?"

సాయంత్రానికి పాకెట్ అయిపోయింది, వెంకటరాజు పలకడం మొదలుపెట్టాడు.