అయిదు స్పీకర్ల వాన

గడియారాల మేస్త్రికి ఆ ఆదివారం ఒకటే పని: సాయంత్రం లోపు భార్యను ఒప్పించడం. ఏడేళ్లుగా కలలు కంటున్న అయిదు స్పీకర్లను టీవీల కొట్టాయన ఒక్కరోజు విని చూడమని ఇచ్చాడు. ఆవిడకు నచ్చితే ఉంటాయి, లేకపోతే వెళ్లిపోతాయి. రోజంతా టిక్కుటిక్కులు వినే చెవులు పాపం, వాటికీ ఒక ఆశ ఉండదా!

టీవీకి అటొకటి, ఇటొకటి, మధ్యన ఒకటి, సోఫా వెనక రెండు పెట్టాడు. తెరలు లాగి గది చీకటి చేశాడు. కొట్టాయన ఇచ్చిన వాన రికార్డింగు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

ఎక్కడో ఉరుము దొర్లింది. చినుకులు ఎడమ నుంచి కుడికి నడిచాయి. వెనక ఏదో చూరు కారుతోంది. గోడలు మెల్లగా కరిగిపోయి, సోఫాతో సహా తను మబ్బుల్లో తేలుతున్నాననుకున్నాడు. అందుకే వంటింట్లోంచి భార్య ఎప్పుడు పరుగెత్తిందో అతనికి తెలియలేదు.

డాబా మీద ఆవిడ పొద్దున్నే ఉతికి ఆరేసిన ఎనిమిది దుప్పట్లున్నాయి. "అయ్యో, వానొచ్చేసింది!" అని కేక పెడుతూ మెట్లెక్కింది. ఆ కేక విని కింద వాటా పిన్నిగారు, పిన్నిగారి కంగారు చూసి పక్క వాటా టైలరు, టైలరు వెనకాలే అతని ముగ్గురు తమ్ముళ్లు డాబా మీద పడ్డారు. తలెత్తి చూసే తీరిక ఎవరికుంది? చేతికందినవల్లా లాక్కుని, దిగేటప్పుడు మెట్ల మీద ఒకరినొకరు గుద్దుకున్నారు. బట్టలన్నీ కలగాపులగమయ్యాయి. పిన్నిగారి లంగాలు టైలరు భుజాన, టైలరు లాగులు పిన్నిగారి నెత్తిన.

"ఇంతకీ వానేదీ?" అన్నాడు ఒక తమ్ముడు.

బయట ఎండ పెళ్లున కాస్తోంది. అందరూ మేస్త్రి గుమ్మం వైపు చూశారు. లోపల ఇంకా ఉరుముతోంది.

"మీ వాన తగలెయ్య! పరువు తీశారు కదండీ. ఎండ తగ్గగానే కొట్లో ఇచ్చేసి రండి!" అంది భార్య. దుప్పట్లు మళ్ళీ ఆరేసొచ్చి, సోఫాలో కూలబడి కళ్ళు మూసుకుంది.

మేస్త్రి తీగలు పీకి, ఒక్కో స్పీకరునూ చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు అట్టపెట్టెలో పెట్టాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఉరిమింది. తెర కొంచెం తొలగించి చూశాడు. నిజం వాన, ధారగా.

"బాబూ, ఈసారి మేం మోసపోం! కట్టెయ్!" అని పిన్నిగారు కిటికీ తెరవకుండానే కింద నుంచి అరిచింది.

"మళ్ళీ పెట్టారా?" అంది భార్య కళ్ళు తెరవకుండా. గొంతులో కోపం లేదు. "ఇందాక కంగారులో వినలేదు గానీ... బాగుందండీ. మట్టి వాసన కూడా వస్తున్నట్టుంది. సరే, ఉంచేసుకుందాం లెండి."

మేస్త్రి చేతిలో పీకిన ప్లగ్గుంది. నోరు విప్పితే దుప్పట్లు దక్కుతాయి, స్పీకర్లు పోతాయి. గడియారంలో ఒక్క నిమిషం అబద్ధాన్ని కూడా ఓర్చుకోలేని మనిషి, డాబా వైపు ఒకసారి, పెట్టెల వైపు ఒకసారి చూశాడు.

"సౌండు కాస్త పెంచమంటావా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ నిద్రమత్తులోనే తలూపింది. అడిగినట్టే వాన పెరిగింది.

దుప్పట్లు ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో నోరు విప్పినవి స్పీకర్లు మాత్రమే.