లిఫ్టా, మోటారా?

ఆ ఉదయం చక్రం గారి పథకం చాలా చిన్నది. ఎవరి కంటా పడకుండా ఇంట్లో పేపరు చదువుకోవడం. ఎన్నికలు దగ్గరపడ్డాయి. సర్వేలు చేయకూడదని అధికారులు నిషేధం పెట్టారు. ఎవరు గెలిచినా వెనక చక్రం తిప్పింది ఆయనేనని ఊరంతా నమ్ముతుంది. ఆ పేరు అలా వచ్చిందే. తనను గెలిపిస్తే సలహాదారు పదవి ఇస్తానని ఈసారి ఒక అభ్యర్థి మాట కూడా ఇచ్చాడు.

"ఖాళీగానే ఉన్నారుగా!" అంది భార్య. "ముందు లిఫ్టు బాగుచేయించాలా, నీళ్ల మోటారా? బిల్డింగులో అందర్నీ అడిగి రండి. సెక్రటరీ మీరే కదా."

చక్రం గారు చెప్పులేసుకున్నారు.

కింది అంతస్తు టీచరమ్మ తలుపు తీసి, ఆయన్ని చూసి బిగుసుకుపోయింది.

"లిఫ్టా, మోటారా, ఏది ముందమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీరేదంటే అదేనండీ. మా ఇంటి ఓట్లన్నీ..."

"ఓట్లు కాదమ్మా, లిఫ్టు!"

"అర్థమైంది, అర్థమైంది. ఎవరడిగినా లిఫ్టనే చెప్తాం."

పక్కింటి డాక్టరు రెండాకులు ఎక్కువే చదివాడు. "గెలిచేదేదో మీరే చెప్పండి, మాదీ అదే!" అన్నాడు. చక్రం గారు పై అంతస్తు చేరేలోపే లిఫ్టంటే ఏ పార్టీయో, మోటారంటే ఏదో బిల్డింగంతా తేల్చేసుకుంది. పైనున్న లాయరు మర్యాదగా కుర్చీ వేసి, లోపలికెళ్లి ఫోన్ చేశాడు.

జీపు రానే వచ్చింది.

"నిషేధం ఉంటే ఇంటింటి సర్వేనా?" అన్నాడు ఎన్నికల అధికారి.

"లిఫ్టు గురించి సార్!"

"లిఫ్టంటే ఏ పార్టీ?"

"లిఫ్టంటే లిఫ్టే సార్!"

"సరే, జనం ఏమన్నారు?"

కంగారులో చక్రం గారి నోట నిజం జారింది. "మీరేదంటే అదే అన్నారు సార్."

"చూశారా! సర్వే ఒక్కటే కాదు, ఓటర్ల మీద ఒత్తిడి కూడా! ఎక్కండి జీపు!"

అప్పుడు మెట్ల మీద నుంచి భార్య గొంతు ఖంగున మోగింది. "ఆగండి బాబూ! ఈయన మాట ఊరు వినడమా? నేనే వినను! పోయినసారి ఈయన చెప్పినవాడికి నేను ఓటేస్తే ఒట్టు!"

"నేనూ వెయ్యలేదు నాయనా," అంది వెనకాలే ఆయన అత్తగారు.

"ఏమండీ, నిజం చెప్పండి!" అంది భార్య.

మెట్ల నిండా జనం. ఒకవైపు జైలు, ఒకవైపు ఇన్నేళ్ల పరపతి. చక్రం గారు కళ్లు మూసుకున్నారు. "నిజమే సార్. ఇంట్లో నా మాట చెల్లదు."

అధికారి ముఖం మెత్తబడింది. "ఎవరికి చెల్లుతుంది లెండి!" అని నిట్టూర్చి జీపెక్కేశాడు.

చక్రం గారు ఊపిరి పీల్చుకుని తల తిప్పితే, గేటు దగ్గర అభ్యర్థి! అంతా విన్నాడు. పదవి గంగలో కలిసినట్టే.

అభ్యర్థి పరుగున వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. "ఏం బుర్రన్నా మీది! అధికారి ముందు భార్య చేత, అత్తగారి చేత కూడా తడుముకోకుండా అబద్ధం చెప్పించారే! ఇక ఊరు మీ మాట దాటుతుందా? పదవి మీదే!"

సాయంత్రానికి అవతలి అభ్యర్థి కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. భార్య, అత్తగారు చెప్పిన దాంట్లో ఒక్క ముక్కా అబద్ధం లేదన్న సంగతి మాత్రం చక్రం గారు ఎవరికీ చెప్పలేదు.