పసుపు సంచికి పూల పైజమా

బస్సు డ్రైవరుగా రిటైరైన బోంగ్‌సిక్ ఆ ఉదయం ఒక్కటే అనుకున్నాడు: పోహాంగ్ నుంచి వస్తున్న వదినగారి ముందు తలెత్తుకోవాలి. పేగు ఆపరేషనైన తన చెల్లెలికి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నారని ఆవిడ ఫోన్లో దెప్పింది. నిజానికి అతని భార్య గుమ్‌రే నరంలోకి పోతున్నది పూర్తి భోజనం. విటమిన్లు, చిటికెడంత జింకు, రాగి కలిపిన ఆ సంచి బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు కనపడకుండా దాని మీద గోధుమరంగు తొడుగొకటి వేశారు.

గుమ్‌రే దిగులు వేరు. పిత్తు వస్తేనే పేగులు మేలుకున్నట్టు, అప్పుడే గంజి. సాయంత్రానికీ రాకపోతే ముక్కులో గొట్టం వేస్తామన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి బోంగ్‌సిక్‌కు ముద్ద దిగడం లేదు. వార్డంతా ఆమెను "వచ్చిందా?" అనే పలకరిస్తోంది.

వదినగారికి ఆ మెరుపు కనపడాలని బోంగ్‌సిక్ తొడుగు మెల్లగా లాగాడు. పర్రుమని చిరిగింది. వరండాలో నర్సు అడుగుల చప్పుడు! వెలుతురు తగిలితే విటమిన్లు పాడవుతాయని ఆమె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. చేతికందిన భార్య పూల పైజమాను సంచికి తొడిగేశాడు. అడుగులు ఎటో వెళ్ళిపోయాయి.

"ఏం అబ్బాయ్, ఆ పైజమా దేనికి?" అంది పక్క మంచం మాల్సున్ పెద్దమ్మ.

నిజం చెబితే పరువు పోతుంది. "ఇలా కప్పితే మందు బలంగా పనిచేస్తుంది పెద్దమ్మా."

అంతే. పెద్దనర్సు వచ్చేసరికి ప్రతి సంచికీ ఏదో ఒకటి తొడిగి ఉంది. ఒకదానికి మఫ్లరు, ఇంకోదానికి మేజోడు, మాల్సున్ పెద్దమ్మ సంచికి ఉన్ని టోపీ.

"ఇవేం వేషాలండీ! పేరూ మోతాదూ కనపడకపోతే ఒకరి మందు ఇంకొకరికి ఎక్కదూ? ఉప్పునీళ్ళకి టోపీ ఏంటి పెద్దమ్మా?"

"బలానికమ్మా. ఆ అబ్బాయే చెప్పాడు."

బోంగ్‌సిక్ తలొంచుకుని జరిగిందంతా చెప్పేశాడు.

"ఈ సంచి ఇక పారెయ్యాల్సిందే. కొత్తది తెప్పిస్తాను."

"ఎలాగూ కొత్తదేగా, విటమిన్లు రెండింతలు వేయించండమ్మా."

"కిమ్చీ పచ్చడిలో కారమా, ఇంకో గుప్పెడు వేయడానికి? రక్తంలోకి పోయేది! తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే."

గుమ్‌రేకు నవ్వాగలేదు. "అమ్మో, కుట్లు... నవ్వించకయ్యా, నా పైజమా..." అంటూ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. అప్పుడు వినిపించింది, పొడుగ్గా, నిక్కచ్చిగా.

వార్డంతా చప్పట్లు.

అప్పుడే బేరిపళ్ళ పెట్టెతో వదినగారు లోపలికి వచ్చింది. "ఏమైందయ్యా?"

సంచి మాట బోంగ్‌సిక్‌కు గుర్తే లేదు. కళ్ళనీళ్ళతో గొంతెత్తి చెప్పాడు.

"వదినా! మీ చెల్లెలు పిత్తింది!"

మధ్యాహ్నం గుమ్‌రే గంజి తాగుతుంటే, మాల్సున్ పెద్దమ్మ పూల పైజమాను అడిగి తీసుకుని పొట్టమీద కప్పుకుంది, ఆవిడకింకా రాలేదట.