అరచేతిలో బియ్యం, గోడమీద టీవీ

రుజువు లేకుండా నా జీవితంలో నేను ఒప్పుకున్నది ఒక్కటే, మిత్రులారా: మా పెళ్ళి. అదైనా నన్నెవరూ అడగలేదు గనుక.

సూర్యాపేటలో ముప్పై మూడేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి విరమించిన నన్ను ఊరు ‘రుజువు సారు’ అంటుంది. మొన్న వేసవిలో మా పాత టీవీ చిన్నగా దగ్గి కన్నుమూసింది. నా భార్య నవనీత, “నలభైమూడు ఇంచులది తెచ్చుకుందాం, మన ఇంటికి గదే సాలు” అన్నది. నాకేమో అరవై అయిదు మీద మనసు. శనిగ్రహం తన వలయాలతో సహా మా గోడకు వేలాడాలని ఎన్నాళ్ళ కోరికో!

కోరికకు శాస్త్రం తోడైతే వాదనకు తిరుగుండదు. కూర్చునే దూరంలో సగం ఉండాలి తెర అన్నది నేను నమ్మిన సూత్రం. టేపు పెట్టి కొలిచాను. సోఫా నుంచి గోడకు ఏడడుగులు, అంటే ఎనభై నాలుగు ఇంచులు. లెక్క అక్షరాలా నవనీత పక్షాన తేలింది.

సూత్రాన్ని మార్చడం అపచారం. సోఫాను మార్చడం ఏ శాస్త్రానికీ విరుద్ధం కాదు. నవనీత మిర్యాలగూడలోని పుట్టింటికి వెళ్ళిన రోజు చూసి, సోఫాను నాలుగడుగులు వెనక్కి నెట్టాను. అది వంటింటి గుమ్మానికి అడ్డంగా పోయి ఆగింది. దూరం పదకొండడుగులు, సగం అరవై ఆరు ఇంచులు. శాస్త్రం గెలిచింది.

సాయంత్రం నవనీత చేతిసంచీతో గడపలోనే నిలబడిపోయింది.

“సోఫా ఏంది, వంటింట్లకు పోతున్నది?”

“అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా!”

“మరి గీ నాలుగు మచ్చలేంది?”

పన్నెండేళ్ళు సోఫా కాళ్ళ కింద అరగకుండా దాక్కున్న గచ్చు, నాలుగు చదరాలుగా తళతళలాడుతోంది. సాక్ష్యాన్ని చెరిపేయాలన్న ఆలోచన నేరస్థులకు వస్తుంది, పండితులకు రాదు.

“తెరకు దూరం కావాలి, నవనీతా. ఇది శాస్త్రం.”

“శాస్త్రం కోసం నేను రోజూ సోఫా దుంకి మీకు చాయ్ తేవాల్నా?”

మాట మార్చడం మేలనిపించింది. “అది సరే, ఏడాదిగా నా తెల్లచొక్కాలను పచ్చగా ఉతుకుతున్నావు. దాని సంగతేమిటి?”

“చొక్కాలు మంచిగనే ఉన్నయి. మీ సూపే...”

“రుజువేది?”

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తరువాత చాలా మెత్తగా పందెం వేసింది.

“దుకాణంల మీకు నచ్చిన టీవీ సూపెట్టున్రి. నేనొక పరీక్ష పెడత. గెలిస్తె అరవై అయిదే తెచ్చుకుందాం, నేను సోఫా దుంకే పోత. ఓడితె నేను చెప్పిన టీవీ. ఇంకోటి, నేను యాడికి తీస్కపోతె గాడికి నోరెత్తకుండ రావాలె.”

యాడికో నాకు తెలుసు. మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికి. పెళ్ళయిన మరునాటినుంచీ అడుగుతోంది. నలభై ఏళ్ళుగా ఏ గుడి మెట్టూ ఎక్కని చరిత్ర నాది. గుండు చేయించడానికి నా తలమీద మిగిలినవి పదిహేను వెంట్రుకలే అన్న మాట నిజమే. కానీ సిద్ధాంతానికి వెంట్రుకల సంఖ్యతో నిమిత్తం లేదు.

అయినా ఒప్పుకున్నాను. సూర్యాపేటలో మూడు, కోదాడలో రెండు దుకాణాలు తిరిగి, పదిహేడు టీవీలకు పట్టిక గీసినవాణ్ణి. ఆమె ఏ పరీక్ష పెడితే మాత్రం ఏమిటి?

దుకాణం ఉపేందర్‌ది. పెన్‌పహాడ్ నుంచి బస్సులో వచ్చి నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు వాడికే జుట్టు నెరిసింది. నేను ఎంచిన అరవై అయిదు ఇంచుల టీవీ ముందు నిలబడి గంభీరంగా వేలు చూపాను. నవనీత కొంగుముడి విప్పింది. అందులో రెండు చిన్న పొట్లాలు. రెండింటిలోనూ బియ్యం.

ఆమెది మిల్లువాళ్ళ ఇల్లు. బస్తాలోకి గొట్టం గుచ్చి తీసిన గింజలను అరచేతిలో పరిచి, వెలుతురుకు పట్టి, ఈ ఏటివో నిరుటివో చెప్పడం ఆ ఇంటి పిల్లలకు అక్షరాలకన్నా ముందు వచ్చే విద్య. కొత్తవి సున్నంలా తెల్లన, పాతవి మీగడ రంగు. ఆ ఇంటి అల్లుడిగా నాకూ ఎప్పుడో నేర్పారు.

ఆమె రెండు అరచేతుల్లో రెండు రకాలు పోసి గుమ్మంలో ఎండకు నిలబడింది. ఉపేందర్ తన ఫోన్‌తో వీడియో తీసి నా టీవీలో వేశాడు. ఒక్కొక్క గింజ నా చేతివేలంత కనిపించింది.

“చెప్పున్రి. కొత్తయి ఏ చేతిల ఉన్నయి?”

చూశాను. దగ్గరికి వెళ్ళి చూశాను. “రెండూ ఒకటే. పాతవి.”

“టీవీ తప్పు సూపెడుతున్నదా?”

“ఈ టీవీ తప్పు చూపదు!”

“అయితె మీ కన్ను తప్పు సూస్తున్నదా?”

“నా కంటికేం? అయితే టీవీయే...” అని నాలుక కరుచుకున్నాను. టీవీని సమర్థిస్తే కన్ను పోతుంది, కన్నును సమర్థిస్తే టీవీ పోతుంది. ముప్పై మూడేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఇంత చక్కగా మూలకు నెట్టలేదు.

“సార్, ఎడమ చేతివి కొత్తయి. గంత తెల్లగ ఉన్నయి గద!” అన్నాడు ఉపేందర్. ఫ్యాను కొనడానికి వచ్చిన ఒక ముసలమ్మ కూడా, “ఎడమయే” అన్నది.

నవనీత అరచేతులనే నా ముఖం ముందుకు తెచ్చింది. ఎండలోనూ రెండూ పులిహోర రంగే.

ఉపేందర్ మెల్లగా, “సార్, పరికరాన్ని నమ్మేముందు పరికరాన్నే పరీక్షించాలె అని మీరే చెప్పేటోళ్ళు” అన్నాడు. గురువుకు శిష్యుడు తిరిగి ఇవ్వదగినది ఇంతకన్నా ఏముంది?

ఒక కన్ను మూశాను. దాన్ని తెరిచి రెండోది మూశాను. ఒక కంటికి పులిహోర, ఒక కంటికి మీగడ. పదిహేడు టీవీలను అనుమానించినవాణ్ణి, వాటిని చూసిన రెండింటినీ ఒక్కసారైనా అనుమానించలేదు!

“మిర్యాలగూడకు ఊకెనే పోయిననుకున్నరా? గీ బియ్యం కోసమే పోయిన,” అన్నది నవనీత. “ఏడాది సంది కండ్ల దవాఖానకు పోదామంటె రుజువేదంటిరి. తెచ్చిన.”

మట్టపల్లికి కాదు. కళ్ళ దవాఖానకు. పందెం ప్రకారం నోరెత్తకుండా వెళ్ళాను. డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయనీ, కుడికంటికి ముందుగా ఆపరేషన్ చేద్దామనీ అన్నది.

కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు అల్మారా తెరిచాను. పదకొండు చొక్కాలు, కొంగలు బారులు తీరినట్టు తెల్లగా వేలాడుతున్నాయి. ఏడాది పొడుగునా వాటిని పచ్చనివన్న నా మాటలన్నీ గుర్తొచ్చి అల్మారా నెమ్మదిగా మూశాను. ఆకాశం ఇంత నీలంగా ఉంటుందని చెప్పినవాళ్ళెవరూ అతిశయోక్తి చెప్పలేదు.

సోఫా తన నాలుగు చదరాల్లోకి తిరిగి వెళ్ళింది. ఏడడుగుల దూరంలో, నలభైమూడు ఇంచుల్లో, శనిగ్రహం వచ్చింది. కుడికంటితో చూస్తే వలయాల మధ్య నల్లని సందు కూడా కత్తితో గీసినట్టుంది. ఎడమకంటితో చూస్తే పసుపుముద్ద. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కోట్ల మైళ్ళ అవతలి గ్రహానికీ నాకూ మధ్య ఇన్నాళ్ళూ అడ్డున్నది ఆవగింజంత పొర!

నవనీత వంటింటి గుమ్మంలోంచి అడ్డులేకుండా చాయ్ పట్టుకొచ్చింది.

“రెండో కన్ను గూడ చేయించుకుంటరా? లేకుంటె మళ్లొక టీవీ కొనాల్నా?”

రుజువు అడగలేదు, మిత్రులారా. తేదీ మాత్రం అడిగాను.