శాకాహారులకు మాత్రమే

ఒక పెద్ద అడవిలో, ఏటి గట్టున జానెడు బొరియ దొరకాలంటే తల ప్రాణం తోకకొచ్చే రోజుల్లో, చెవులమ్మ అనే కుందేలుకు నెలలు నిండాయి. వానల్లోపు ఇల్లు కుదరకపోతే పిల్లల్ని బురదలో కనాలి. ఆ బెంగ ఒకటి, చుట్టాల్లో చులకనైపోతానన్న బెంగ ఇంకొకటి. నిజం చెప్పొద్దూ, రెండోదే పెద్దది.

ఇళ్ళ బ్రోకరు నక్క మొదట ముళ్ళపందుల బస్తీ చూపించింది. బొరియ వెచ్చగానే ఉంది.

"ఇక్కడా? మా ఆడపడుచు వస్తే ఏ మొహం పెట్టుకుని లోపలికి రమ్మంటాను?" అంది చెవులమ్మ.

"అయితే ఏటి గట్టు కాలనీ చూద్దాం. ఓనరు చిరుతపులిగారు. అందరికీ ఇవ్వరు."

కాలనీ గేటుకు పలక వేలాడుతోంది: 'శాకాహారులకు మాత్రమే'. చెవులమ్మ పొంగిపోయింది. తరతరాలుగా గడ్డి తప్ప ముట్టని వంశం. ఇన్నాళ్ళకు దానికో గౌరవం దక్కింది.

"ఇక్కడ బ్రోకరు పని కావాలంటే నేనూ వెల్లుల్లి కూడా ముట్టనని రాసివ్వాల్సొచ్చింది" అంది నక్క, మూతికంటిన కోడి ఈక తుడుచుకుంటూ.

"ఇరుగుపొరుగు మంచివాళ్ళేనా?"

"దిగినవాళ్ళు ఒక్కరూ ఇల్లు మారలేదమ్మగారూ."

"మరి ఇన్ని ఇళ్ళు ఖాళీగా ఉన్నాయే?"

నక్కకు దగ్గొచ్చింది.

చిరుతపులి మర్యాదగా కూర్చోబెట్టింది. "గుడ్డు కూడా తినరు కదా? పిల్లలు ఎంతమంది పుట్టొచ్చు?"

"ఆరేడుగురు ఉండొచ్చండి."

"చాలా సంతోషం. పిల్లలున్న ఇల్లే కళగా ఉంటుంది."

పిల్లలంటే మొహం చిట్లించని ఓనరును చెవులమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చూపు ఒక్కసారి బయటి ఖాళీ ఇళ్ళ మీదికి పోయింది.

"దాచడం దేనికండీ" అంది. "ఆదివారం ఎలక మాంసం లేందే నాకు ముద్ద దిగదు."

చిరుత మొహం మాడిపోయింది. "మాంసం తినేవాళ్ళు నా కడుపుకు పడరు. వెళ్ళిరామ్మా." ఆ తర్వాత నక్కవైపు తిరిగింది. "నువ్వు వెల్లుల్లి కూడా ముట్టవు కదూ?"

"అయ్యా, అది... పని కోసం..."

"రాసిచ్చావుగా" అంటూ చిరుత గేటు వేసింది.

చెవులమ్మ ముళ్ళపందుల బస్తీలో ఏడుగురిని కంది. ఆడపడుచు వచ్చి ముక్కు చిట్లించి, "ఇక్కడేం బాగుందని దిగావు వదినా?" అంది.

"ఓనరుకు నా తిండి గోల పట్టదమ్మా" అంది చెవులమ్మ.

నీతి: ఇంటి ఓనరు నీ తిండి గురించి ఆరా తీస్తే, ముందు ఆయనేం తింటాడో కనుక్కో.