బండి బాగుందండీ

రిపోర్టుగారికి తొమ్మిదేళ్ళుగా ఒక సందేహం ఉంది. ఎవరైనా "మీ బండి ఎలా ఉందండీ?" అని అడిగినప్పుడు "బాగుందండీ" అనడం మర్యాదా, అబద్ధమా? "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాం" అంటాం. దాన్ని దేవుడు కూడా అబద్ధాల కింద రాసుకోడని ఆయన నమ్మకం. కానీ ఒక మనిషి బాగున్నాడని విని ఎవరూ అలాంటి మనిషినే ఇంకొకణ్ణి కొనుక్కోరు. బండి సంగతి అలా కాదు.

రిపోర్టుగారు పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. చక్కెర ఎంతుంటే అంతే రాస్తారు. రోగి ముఖం చూసి ఒక్క పాయింటు కూడా తగ్గించరు. అందుకే వీధిలో ఆయనకి ఆ పేరే స్థిరపడిపోయింది, అసలు పేరు ఇంటివాళ్ళకే మిగిలింది. ఆయన నోటిమాటంటే ముద్ర కొట్టిన కాగితం. అలాంటి మనిషి తొమ్మిదేళ్ళ కిందట ఒక తెల్ల సెడాన్ కొన్నారు. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, మధ్యరకం. కొన్న వారానికి వీధి చివరి టైలరు ఆయన్ని ఆపి, "ఎలా ఉందండీ బండి?" అని అడిగాడు. ఆ వారంలో అది అప్పటికే రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగింది. ల్యాబుకి వేళవుతోందన్న తొందరలో ఆయన "బాగుందండీ" అనేసి వెళ్ళిపోయారు. మరుసటి నెల టైలరు అదే బండి, అదే రంగులో కొన్నాడు. ఇద్దర్నీ చూసి పక్కింటి బ్యాంకు క్యాషియరు కూడా కొన్నాడు.

అప్పటినుంచి ముగ్గురూ ఎదురైనప్పుడల్లా "బండెలా ఉంది?" "బ్రహ్మాండం!" అనుకునేవారు. మెకానిక్ షెడ్డులో ఒకరికొకరు తటస్థపడితే, మూడు బానెట్లూ తెరిచి ఉన్నా సరే, "ఊరికే గాలి చూపిద్దామని వచ్చా" అనుకునేవారు. ఎవరికి వారు తమ బండి ఒక్కటే తేడా అనుకున్నారో, తెలిసే దాచుకున్నారో పైవాడికే తెలియాలి. ఆయన అన్నీ చూస్తాడంటారు. బానెట్ కింద కూడా చూస్తాడా అని రిపోర్టుగారికి ఒక్కోసారి అనిపించేది. వెంటనే లెంపలేసుకునేవారు.

ఆ శనివారం పొద్దున ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి బండి కొనే మనిషి వస్తాడు. చూపించాలి, ఉన్నది చెప్పాలి, ఇచ్చెయ్యాలి. తొమ్మిదింటికి టాక్సీ వస్తుంది, అందులో అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్క ఆయనకంటే పదకొండేళ్ళు పెద్దది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. కిడ్నీలు పాడై రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటోంది. మంగళవారం బండి వంతెన మీద ఆగిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. గురువారం దాకా అక్క కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. పడుకుంటే ఊపిరాడలేదు. పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఆ పాదాలు చూశాకే ఆయన నిశ్చయించుకున్నారు, ఈ బండి ఇక ఇంటిముందు ఉండకూడదని.

ఎనిమిదికి పావుగంట ముందు క్యాషియరు గోడమీంచి తల పెట్టాడు.

"అమ్మేస్తున్నారటగా?"

"అవునండీ."

"అమ్మండి. నోరు మాత్రం తెరవకండి."

"అదేంటండీ?"

"వచ్చే నెల నాదీ అమ్మకానికి పెడుతున్నా. మీరు 'బాగోలేదు' అని ఒక్క మాటన్నారంటే ఊళ్ళో ఈ మోడల్‌కి పుట్టగతులుండవు. మీదేమన్నా మామూలు నోరా? ల్యాబు నోరు!"

"నేను అబద్ధం చెప్పలేనండీ."

"మిమ్మల్నెవరు చెప్పమన్నారు? మీరు నిలబడండి చాలు. చెప్పేది మేం చెప్తాం."

ఆ 'మేం'లో టైలరు కూడా ఉన్నాడు. మెళ్ళో టేపుతో, ఎవరి ముఖమూ చూడకుండా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

కొనే మనిషి సరిగ్గా ఎనిమిదింటికి వచ్చాడు. నడివయసు, నెత్తిన టోపీ, చేతిలో చిన్న నోటుపుస్తకం. సందు ఇరుకని తను వచ్చిన వాహనం మూలమీదే ఆపి నడిచొచ్చాడు. ఫోనులో అతను ఒక్కటే అడిగాడు, "ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంతే చాలు" అని. ఇప్పుడు పుస్తకం తెరిచి ఒక్కో ప్రశ్నా మొదలుపెట్టాడు.

"క్లచ్ ఎలా ఉందండీ?"

"వెన్న!" అన్నాడు క్యాషియరు. అతను పుస్తకంలో ఆ ప్రశ్న మీద ఒక గీత కొట్టాడు.

"ఎత్తు ఎక్కితే వేడెక్కుతుందా?"

"ఈ బండికి జ్వరం రావడం మేమెరగం." ఇంకో గీత.

"లీటరుకి ఎంతిస్తుంది?"

"ఇరవై రెండు" అని క్యాషియరూ, "పద్దెనిమిది" అని టైలరూ ఒకేసారి అన్నారు.

"ఎక్కేటప్పుడు పద్దెనిమిది, దిగేటప్పుడు ఇరవై రెండు" అని సర్దాడు క్యాషియరు.

"అది కాదండీ, వెనక ఎడమపక్క కిటికీ..." అని రిపోర్టుగారు నోరు తెరిచారు.

"ఆ కిటికీలోంచి గాలి! ఆహా! ఇంక ఫ్యానెందుకు?" అని క్యాషియరు ఆయన భుజం నొక్కాడు.

"స్టార్టింగు?"

"అనుకుంటే చాలు."

గీత పడినప్పుడల్లా వచ్చిన మనిషి ముఖం వాడిపోతూ వచ్చింది. రెండుసార్లు ఏదో చెప్పబోయాడు గాని క్యాషియరు సందివ్వలేదు. "చూశారా, బేరం కోసం ముఖం ముడుస్తున్నాడు. ఇంకాస్త పొగడాలి" అని రిపోర్టుగారి చెవిలో ఊది, టైలర్ని మోచేత్తో పొడిచాడు. టైలరు నేల చూస్తూ, "కుట్టు విడని గుడ్డండీ" అన్నాడు.

"ఇంత మంచి బండిని మరి ఎందుకమ్ముకుంటున్నారండీ?" అన్నాడు వచ్చిన మనిషి.

ఈ ప్రశ్నకి ఎవరూ సిద్ధంగా లేరు. క్యాషియరు గొంతు తగ్గించాడు. "వాళ్ళ అక్కగారి కోసం ఉంచారండీ ఇన్నాళ్ళూ. ఇప్పుడింక... ఆవిడకి దీంతో పనిలేదు." తల దించుకున్నాడు. మాటల వరకు చూస్తే అందులో అబద్ధం లేదు. అబద్ధమంతా తల దించడంలోనే ఉంది.

వచ్చిన మనిషి టోపీ తీశాడు. అందరూ దించారు కదా అని టైలరు కూడా తల దించాడు. తెల్లవారినప్పటినుంచి బానెట్ కింద తల పెట్టి ఉండటంతో రిపోర్టుగారి కళ్ళు పెట్రోలు వాసనకి ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్న పెద్దావిడ కిందికి చూసింది. అక్క జబ్బు ఆవిడకి తెలుసు. ఒక చీర బకెట్లోనే వదిలేసి మెట్లు దిగింది.

వార్తకి స్టార్టింగ్ ట్రబుల్ ఉండదు. ఎనిమిదిన్నరకల్లా గేటు ముందు పాతికమంది నిలబడ్డారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు. "మహా ఇల్లాలు, ఒకళ్ళని నొప్పించి ఎరగదు" అన్నారు ఒకరు. అక్క నోటి దురుసు తెలిసినవాళ్ళు కూడా తలలూపారు. ల్యాబు యజమాని ఆ పూటకి ల్యాబు మూయించి, బాధ్యత తెలిసిన మనిషి కాబట్టి డయాలిసిస్ సెంటరుకి ఫోన్ చేసి, "ఆవిడ ఇక రారమ్మా" అని చెప్పాడు. వాళ్ళు మంచం మరొకరికి రాసేశారు. తొమ్మిదింటికి వచ్చిన టాక్సీని మేడమీది పెద్దావిడే వెనక్కి పంపింది. "ఇంకెక్కడికి నాయనా, వెళ్ళిరా."

"అయ్యో, దాన్ని పంపకండి! అక్క లోపల ఉంది..." అన్నారు రిపోర్టుగారు.

"తెలుసు బాబూ. లోపలే ఉంచారని తెలుసు. ఏడువు, ఏడిస్తే భారం దిగుతుంది."

ముప్పై ఏళ్ళుగా ఆయన ఏం చెప్పినా అందరూ నమ్మారు. ఆ పూట మాత్రం ఒక్కరూ వినలేదు. లోపలికి వెళ్ళబోతే పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

మర్యాద కోసం అంతసేపూ ఒక పక్కన నిలబడ్డ కొనే మనిషి పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇలాంటి సమయంలో వచ్చి ఇబ్బంది పెట్టాను. ఈ బండి నాకు పనికిరాదు లెండి" అని వెనుదిరిగాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. రిపోర్టుగారి భార్య భుజం పట్టుకుని, ఇంకో చేతిలో శాలువా, ఫ్లాస్కు పెట్టిన సంచితో అక్క గడప దాటింది. అంతసేపూ లోపల ఇద్దరూ ఆ వాచిన పాదాలకి చెప్పులు పట్టించే పనిలో ఉన్నారు. మేడమీది పెద్దావిడ దొరికిన కుర్చీలో కూలబడింది.

అక్క ఆ జనాన్నీ కుర్చీలనూ కలయజూసింది.

"ఎవరు పోయార్రా?"

చివరికి టైలరే ధైర్యం చేశాడు. "మీరేనండీ."

"ఎప్పుడు?"

"ఎనిమిదింబావుకండీ" అంది జనంలోంచి ఒక గొంతు.

"నా మంచం ఎవరికిచ్చారు?" అంటూ అక్క తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుంది. "నేనేనమ్మా, ఏడో మంచం. పొద్దున పోయినావిణ్ణి... అరవకు, చెప్పేది విను. వస్తున్నా. నా మంచం నాకుంచు." అవతలివాళ్ళు చెప్పింది విని ఫోను ఇచ్చేసింది. "పదిన్నర దాకా చూస్తారట. ఆపైన లేదన్నారు."

అప్పటికి తొమ్మిదిన్నర దాటింది. ఆసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. టాక్సీవాడికి ఫోన్ చేస్తే ఇంకో బేరం మీద ఊరు దాటిపోయాడు, వేరేది దొరకలేదు. ఈ వారంలో ఇది రెండోసారి తప్పితే ఏమవుతుందో ల్యాబు మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"బండుందిగా! అనుకుంటే చాలు స్టార్టవుతుందన్నారు?" అన్నాడు వచ్చిన మనిషి అమాయకంగా.

రిపోర్టుగారు దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పారు. టక్ మంది. మళ్ళీ తిప్పారు. టక్ మంది. మూడోసారి స్టీరింగు కాస్త ఎడమకి కదిలేసరికి హారన్ దానంతటదే మోగింది. ఆ అదురుకి వెనక కిటికీ అద్దం జారి తలుపులో పడిపోయింది.

"మీ బండి తియ్యవయ్యా" అంది అక్క క్యాషియరుతో.

"నాది... గాలి చూపిద్దామని షెడ్డులో ఉంచానండీ."

"నాదీ దాని పక్కనే ఉందండీ" అన్నాడు టైలరు.

అక్క బానెట్ మీద చెయ్యేసి నిలబడింది. "ఈ బండి ఇంతవరకు నన్ను చంపలేదు గాని, ప్రయత్నం మాత్రం మానలేదు. చెప్పరా తమ్ముడూ! ఊరందరి రోగాలూ చదువుతావు కదా, దీనివి చదువు!"

ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. రిపోర్టుగారు అలవాటైన గొంతుతో, ఎక్కువా తక్కువా లేకుండా చదివారు. "క్లచ్ మూడుసార్లు మార్చాం. మళ్ళీ పోయింది. రేడియేటరు కారుతుంది. వంతెన ఎక్కితే వేడి చూపించే ముల్లు ఎరుపులోకి వెళ్తుంది. లీటరుకి పదకొండు. ఏసీ నీళ్ళు ముందు కూర్చున్నవాళ్ళ పాదాల మీద పడతాయి."

వెళ్ళిపోతున్న మనిషి ఆగాడు. పుస్తకం బయటికి తీశాడు. "ఇంకా?"

"మూడో గేరు నిలవదు."

"అబ్బ! ఇంకా?"

"వానొస్తే వైపర్లు ఆగిపోతాయి. ఎండలో తిరుగుతాయి."

"దొరికిందండీ!" అన్నాడు అతను. టోపీ నెత్తిన పెట్టుకున్నాడు, ముఖం వెలిగిపోతోంది. "నేను మెకానిక్ పని నేర్పే బడిలో మాస్టార్నండీ. నేర్చుకునేవాళ్ళకి విప్పి బాగుచెయ్యడానికి ఒక బండి కావాలి. బాగున్న బండి పెట్టుకుని వాళ్ళకేం నేర్పను? ఒక్క తేడా కూడా లేదని వీళ్ళంటుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఇన్ని రోగాలు ఒక్కచోట దొరకడమంటే మాటలా!"

"అవన్నీ తర్వాత. మమ్మల్ని ఆసుపత్రికి చేర్చే దారుందా?" అన్నారు రిపోర్టుగారు.

"లేకేమండీ? ఇది నడిచి రాదని ముందే అనుకుని, బళ్ళు లాక్కెళ్ళే లారీ తెచ్చుకున్నా. మూలమీదే ఉంది."

వచ్చిన జనమే బండిని మూలదాకా తోసి లారీకి తగిలించారు. లారీ మెట్టు ఎత్తుగా ఉంది. కుర్చీల్లో ఒకటి కింద వేసి, ఒకవైపు తమ్ముడూ ఇంకోవైపు టైలరూ పట్టి అక్కని పైకి ఎక్కించారు. ఆ పట్టుతో టైలరు కూడా లారీలోనే ఉండిపోయాడు. వెనక తెల్ల సెడాన్ ముందు చక్రాలు గాల్లోకి లేపి వేలాడుతోంది. అక్క కిటికీలోంచి జనాన్ని ఒకసారి చూసింది. "బాగానే వచ్చార్రా. కుర్చీలే చాల్లేదు."

పదీ ఇరవై రెండుకి ఆసుపత్రి చేరారు. ఆ బండి వంతెన మీద వేడెక్కకుండా అవతలికి వెళ్ళడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

అక్కకి గొట్టాలు పెట్టారు. రిపోర్టుగారూ టైలరూ బయట బల్లమీద కూర్చున్నారు. అద్దంలోంచి అక్క కనిపిస్తోంది. ఆవిడ రక్తం బయటికొచ్చి, యంత్రంలో తిరిగి, మళ్ళీ లోపలికి పోతోంది. ఇంకెన్ని శనివారాలు మిగిలాయో ఏ రిపోర్టులోనూ రాసి ఉండదు. ఇవాళ పొరపాటున వచ్చిన జనం ఒకరోజు పొరపాటు లేకుండా వస్తారు. అప్పటికి ఎవరికీ చెప్పాల్సిన మాట ఏదీ మిగల్చకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని ఆయన ఆలోచించారు. డయాలిసిస్ అయ్యేదాకా నాలుగు గంటలు టైముంది. అయినా మాట పెగలడానికి రెండు గంటలు పట్టింది.

"టైలరు గారూ, మీకొకటి బాకీ ఉన్నానండీ."

"నాకా?"

"తొమ్మిదేళ్ళ కిందట మీరు బండెలా ఉందని అడిగారు. బాగుందన్నాను. బాగోలేదండీ. అప్పటికే రెండుసార్లు ఆగింది. తొందరలో అనేశాను. మీరు ఆ మాట మీద కొనేశారు."

టైలరు మెళ్ళో టేపు తీసి వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"కొన్న మూడోరోజే తెలిసిందండీ నాకు."

"మరి ఒక్క మాట అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశా."

టైలరు టేపు మళ్ళీ మెళ్ళో వేసుకున్నాడు.

"పోన్లెండి. రిపోర్టు ఆలస్యమైనా, కరెక్టుగా వచ్చింది."